కీబోర్డును శుభ్రపరచుట యెట్లు?

శుచిత్వము మన స్త్రీలకు పుట్టుకతో వచ్చిన విద్య వంటిది. తెల్లవారక మునుపే వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుదుము. గడప కడిగి పసుపు రాయుదుము. ఇత్తడి చెంబులను చింతపండుతో తోమి తళతళలాడింతుము. ఈ పనులన్నింటను మనకు ముఖ్యమైన సాధనము నీరు. ఎంతటి మురికియైనను రెండు బిందెల నీటితో వదలిపోవునని మన నమ్మకము. ఇంటిలోని పెక్కు వస్తువుల విషయమున ఆ నమ్మకము నిజమే. కాని యిటీవల మన యిండ్లలో నొక వస్తువు చేరినది. అది దినదినము అందరి చేతులును తగిలి మిక్కిలి త్వరగా మాయును. నీరు తగిలినచో అంతకంటె త్వరగా చెడును. అదియే కంప్యూటరు కీబోర్డు.

ఈ సంగతి నాకు నష్టపడిన పిమ్మటగాని తెలిసిరాలేదు. నా కోడలు ఇంటినుండియే ఉద్యోగము చేయుచుండును. ఒకయేడు విజయదశమికి ముందునాడు నేను ఇల్లంతయు కడిగించి, ఆమె బల్లవద్దకు వచ్చితిని. ల్యాప్‌టాపు మీటలపై నల్లని జిడ్డు పేరుకొని యుండెను. సందులలో కారప్పూస ముక్కలు కనబడుచుండెను. మరునాడు పనిముట్లకు పూజ చేయవలసిన పండుగ. ఆ పనిముట్టే యిట్లు మాసియుండుట నా మనస్సునకు నచ్చలేదు. ఆమె స్నానమునకు పోయిన సమయమున, ఒక గుడ్డను సబ్బునీటిలో ముంచి, పిండీ పిండనట్లు పిండి, మీటలన్నియు రుద్ది తుడిచితిని. యంత్రము నాపవలెనను మాట నాకు తోచనేలేదు. పని ముగియునప్పటికి కీబోర్డు అద్దమువలె మెరసినది.

గంట గడవకమునుపే ఒక మీట నొత్తిన రెండక్షరములు పడజొచ్చెను. మరికొన్ని మీటలు పలుకనే లేదు. సాయంకాలమునకు యంత్రము మొత్తము ఆరిపోయెను. నెలదినములు శ్రమపడి కూర్చిన లెక్కలు అందులోనే యుండెను. వానిని ఆ వారమే అప్పగింపవలసి యుండెను. ఆమె ముఖము వాడిపోయినది గాని, నన్నొక్క మాటయైనను అనలేదు. “అత్తయ్యగారూ, మీరు నా మేలు కోరే చేశారు, బాధపడకండి” అని మాత్రమే అన్నది. ఆ మాట నన్ను తిట్టుకంటె ఎక్కువగా బాధించినది.

బాగుచేయు దుకాణములోని కుర్రవాడు దానిని విప్పి, సన్నని రాగి గీతలమీద పట్టిన పచ్చని చిలుమును నాకు చూపెను. “మురికి ఒక్కరోజులో ఏమీ చేయదమ్మా, నీళ్ళు ఒక్క గంటలో చేస్తాయి” అని అతడు చెప్పెను. లెక్కలు దక్కినవి, కీబోర్డు దక్కలేదు. నావలె మరియొక సోదరి పొరపడకుండుటకై, నాటినుండి అడిగియు చదివియు తెలిసికొన్న విషయములను ఇచ్చట వ్రాయుచున్నాను.

కీబోర్డు లోపల నేమున్నది?

బల్లమీద విడిగానుండు సామాన్యపు కీబోర్డులో ప్రతి మీట క్రిందను రబ్బరు గిన్నె వంటిదొకటి బోర్లించి యుండును. దాని క్రింద పలుచని ప్లాస్టికు రేకులు మూడు ఒకదానిపై నొకటి పరచియుండును. పై రేకుమీదను క్రింది రేకుమీదను విద్యుత్తు ప్రవహించు సిరాతో గీతలు గీయబడియుండును. నడిమి రేకునకు మీట యున్నచోటనెల్ల రంధ్రముండును. మనము మీట నొత్తగానే గిన్నె వంగి, ఆ రంధ్రముగుండ రెండు గీతలును కలసికొనును. ఏ యడ్డగీత యే నిలువుగీతతో కలసెనో కనిపెట్టి, ఒక చిన్న చిప్పు ఆ యక్షరమును కంప్యూటరునకు తెలుపును.

వెల హెచ్చైన కొన్ని కీబోర్డులలో ప్రతి మీటకును విడిగా స్ప్రింగుగల స్విచ్చి యుండును. ల్యాప్‌టాపులో మీటలు మిక్కిలి పలుచన. అనేక ల్యాప్‌టాపులలో ఒక్కొక్క మీట క్రిందను కత్తెరవలె అడ్డముగా కూర్చిన సన్నని ప్లాస్టికు ముక్కలు రెండుండును. వాని క్రిందనే యంత్రపు ప్రధానమైన పలకయు బ్యాటరీయు నుండును. కావున బల్లమీది కీబోర్డులో నీరు పోయినచో అదొక్కటియే చెడును. ల్యాప్‌టాపులో పోయినచో యంత్రమంతయు చెడవచ్చును. ఈ భేదమును మొదట గుర్తుంచుకొనవలెను.

నీరేల యింత కీడు చేయునని మీరడుగవచ్చును. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును మిక్కిలి స్వల్పముగా మాత్రమే ప్రసరింపజేయును. కాని మన కొళాయి నీటిలోను బోరు నీటిలోను లవణములున్నవి. మీటలమీది చెమటయందలి ఉప్పుకూడ అందు కరుగును. యు.ఎస్.బి. తీగగుండ కీబోర్డునకు వచ్చు విద్యుత్తు 5 వోల్టులు మాత్రమే. అది మన చేతికి తెలియనైన తెలియదు. ఐనను ఉప్పునీటితో తడిసిన సన్నని గీతలను తినివేయుటకు ఆ మాత్రమే చాలును. ఇక కాఫీ టీల సంగతి చెప్పనక్కరలేదు. నీరు ఆరినను వానిలోని చక్కెర ఆరక జిగురై మీటలను పట్టుకొనును.

మురికి యెక్కడిది?

కీబోర్డుమీది మురికిలో హెచ్చుభాగము మన చేతులనుండి వచ్చినదే. చర్మపు జిడ్డు, తలనూనె, చెమట మీటల పైభాగమున పేరుకొనును. దుమ్ము, వెంట్రుకలు, తినుబండారముల పొడి సందులలో చేరును. పండుగలనాడు చల్లిన పసుపు కుంకుమలును అచ్చటనే నిలుచును. ఇంటిల్లిపాదియు వాడు కీబోర్డుమీద ఒకరి జలుబు మరియొకరి కంటుటయు కలదు. రోగక్రిములలో కొన్ని ప్లాస్టికుమీద గంటల తరబడి జీవించియుండగలవు.

1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, ప్రసూతి శాలలోని వైద్యులు క్లోరిను సున్నము కలిపిన నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమించెను. అంతట బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. చేతులు శుభ్రముగానున్న చేతులు తాకు వస్తువులును శుభ్రముగానుండునను నీతి కీబోర్డునకును వర్తించును.

పనికి పూర్వము

మొట్టమొదట విద్యుత్తు తొలగింపవలెను. యు.ఎస్.బి. తీగగల కీబోర్డును ఎప్పుడైనను ఊడదీయవచ్చును. గుండ్రని మొనగల పాతరకపు తీగయైనచో, కంప్యూటరు నాపిన పిమ్మటనే తీయవలెను. తీగ లేనిదైనచో, దాని మీట నాపి, బ్యాటరీలను వెలుపలకు తీయవలెను. ల్యాప్‌టాపు నైనచో పూర్తిగా ఆపి, చార్జరు తీసివేయవలెను. తెర నల్లబడినంత మాత్రమున ఆగినదని తలపరాదు, అది నిద్రించుచుండవచ్చును. కొన్ని ల్యాప్‌టాపులు మూత తెరచినంతనే, లేక ఏదోయొక మీట నొత్తినంతనే, మరల మేల్కొనును. అట్లయినచో మరల ఆపి, మీటలపై బరువు మోపక పని చేయవలెను. యంత్రముతో వచ్చిన చిన్నపుస్తకములో శుభ్రమును గూర్చి వ్రాసియున్న మాటలను ఒకమారు చదువుటయు మంచిది.

పొడి పని ముందు

వంటయింటిలో నీళ్ళు చల్లి కడుగుటకు ముందు చీపురుతో చిమ్ముదుము గదా. ఇచ్చటను అంతే. తడి తగిలిన పొడి బురదయగును. ఆ బురద సందులలోనికి జారును. కావున మొదట పొడిని తొలగింపవలెను.

బల్లమీద పాత వార్తాపత్రికను పరచి, కీబోర్డును దానిపై బోర్లించి, వెనుక అరచేతితో మెల్లగా తట్టుడు. రాలిన దానిని చూచిన మీరే ఆశ్చర్యపడుదురు. ల్యాప్‌టాపును ఒకప్రక్కకు వంచి పట్టుకొనిన చాలును, గట్టిగా తట్టరాదు. పిదప రంగులు వేయు మెత్తని కుంచె నొకదానిని క్రొత్తది తీసికొని, సందుల వెంట ఒకే దిక్కునకు ఊడ్వవలెను. మెత్తని పండ్ల బ్రష్షయినను పనికివచ్చును, అది పొడిగా నుండవలెను. వెనుక జిగురుండు చిన్నచీటీలు బజారులో దొరకును. అట్టి చీటీని మడచి జిగురువైపును మీటల నడుమ నడిపినచో సన్నని దుమ్ము దాని కంటుకొని వచ్చును.

డబ్బాలో నొత్తి నింపిన గాలియు అమ్మకమునకు వచ్చుచున్నది. దానిని వాడువారు డబ్బాను నిలువుగానే పట్టుకొని, జానెడు దూరమునుండి కొద్దికొద్దిగా విడువవలెను. డబ్బాను వంచినచో లోపలి ద్రవమే మిక్కిలి చల్లగా వెలువడి మీటలపై పడును. నోటితో ఊదరాదు, గాలితోపాటు ఉమ్మియు పడును. తల ఆరబెట్టుకొను వేడిగాలి యంత్రమును దరిచేర్పరాదు. పలుచని ప్లాస్టికు ఆ వేడికి వంకరపోవును.

తడి పని పిమ్మట

పొడి పోయిన తరువాత మిగులునది జిడ్డు. దానికి మెత్తని నూలుగుడ్డగాని, మైక్రోఫైబరు గుడ్డగాని కావలెను. గుడ్డను తడిపి గట్టిగా పిండవలెను. చెంప కానించినచో చల్లదనము తెలియవలెను గాని తడి యంటరాదు. అదియే కొలత. సామాన్యమైన మురికి కీ మాత్రమే చాలును. ఏ ద్రవమునైనను గుడ్డమీదనే వేయవలెను. కీబోర్డుమీద చల్లరాదు, పోయరాదు.

జిడ్డు వదలనిచో మందుల దుకాణములలో దొరకు 70 శాతపు ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు కొద్దిగా అద్ది, ఒక్కొక్క వరుసయే తుడువవలెను. మీటల అంచులకు దూది చుట్టిన పుల్లలను వాడవచ్చును. ఈ ద్రవము జిడ్డును కరగించును, క్రిములను చంపును, త్వరగా ఆరిపోవును. నూటికి 99 పాళ్ళుగల గాఢమైన ద్రవముకంటె 70 పాళ్ళుగలదే క్రిములను చంపుటలో మేలు. అందలి నీరు ఆల్కహాలు క్రిమిలోనికి చొచ్చుటకు తోడ్పడును. అంతియేగాక ద్రవము వెంటనే ఎగిరిపోక కొంతసేపు నిలుచును. కాని గాఢముగా రుద్దరాదు. అక్షరములు పైన రంగుతో అచ్చువేసినవైనచో చెరగిపోవచ్చును. మొదట మూలనున్న మీట నొకదానిపై పరీక్షించి చూడుడు.

ఇచ్చట నొక హెచ్చరిక. ఈ ద్రవము సులభముగా అంటుకొని మండును. పొయ్యికిని దీపమునకును దూరముగా, కిటికీలు తెరచి, పిల్లలు దగ్గర లేనప్పుడు వాడవలెను. పని యైన వెంటనే సీసా మూత బిగింపవలెను.

వాడరానివి కొన్ని గలవు. గోళ్ళరంగు తుడుచు ద్రవములలో పెక్కింటియందు అసిటోను ఉండును. అది అనేక ప్లాస్టికులను మెత్తబరచి కరగించును. బ్లీచింగు, ఫినైలు, స్నానపుగది కడుగు మందులు పనికిరావు. చేతులకు రాచుకొను చిక్కని శానిటైజరు మీటలపై జిగురు మిగుల్చును. తుడిచిన పిమ్మట కనీసము పావుగంట గాలికి ఆరనిచ్చి, ఆరినదని నిశ్చయమైన తరువాతనే విద్యుత్తు కలుపవలెను.

మీటలను ఊడదీయవచ్చునా?

ల్యాప్‌టాపు మీటలను ఊడదీయరాదు. వాని క్రిందనున్న కత్తెర ముక్కలు మిక్కిలి సున్నితమైనవి. విరిగినచో మరల కూర్చుట కష్టము. బల్లమీది కీబోర్డులలో, ముఖ్యముగా స్ప్రింగు స్విచ్చిలు గలవానిలో, మీటల టోపీలు ఊడివచ్చును. వానిని తీయుటకు ముందు ఫోనుతో కీబోర్డునకొక ఫోటో తీసి యుంచుకొనవలెను. లేనిచో ఏ టోపీ యెచ్చటిదో తెలియక చిక్కుపడుదురు. తీగతో చేసిన చిన్న పట్టుకారుతో నిటారుగా పైకి లాగవలెను. పొడవైన మీటల క్రింద ఇనుప తీగ యుండును. అలవాటు లేనివారు వానిని కదల్పకుండుటయే మేలు.

ఊడదీసిన టోపీలలో విద్యుత్తు లేదు గావున, వానికి మాత్రము మనకిష్టమైన నీటిస్నానము చేయింపవచ్చును. గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి అరగంట నానబెట్టి, మంచినీటితో తొలచి, గుడ్డపై బోర్లించి రాత్రియంతయు ఆరనీయవలెను. మరుగునీరు పోయరాదు, ఎఱ్ఱని ఎండలోను, పొయ్యిప్రక్కను పెట్టరాదు. టోపీల లోపలి మూలలలో చుక్క నీరైనను దాగియున్నదేమో చూచి మరల పెట్టవలెను. టోపీలు తీసిన పలకను మాత్రము కుంచెతోను పొడిగుడ్డతోను శుభ్రపరచవలెను. నీటిలో ముంచనే కూడదు.

మరల పెట్టునప్పుడు ఎఫ్, జె అను రెండు మీటలను జాగ్రత్తగా చూడుడు. వానిమీద చూపుడువ్రేళ్ళకు తగులు చిన్నగట్లుండును. చూడకుండ టైపు చేయువారికిని, చూపులేని వారికిని అవియే దారి చూపునవి. 1986లో ప్రమాణముగా నేర్పడిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు వ్రాయువారికి ఎఫ్ స్థానమున గుడియు, జె స్థానమున రకారమును వచ్చును. కావున ఆంగ్లము వ్రాయువారికివలెనే తెలుగు వ్రాయువారికిని ఆ గట్లు ఆధారము. వానిచుట్టు చేరిన జిడ్డును దూదిపుల్లతో తీయవలెను గాని గోటితో గీకరాదు.

కాఫీ ఒలికినప్పుడు

ఎంత జాగ్రత్తగానున్నను ఒక్కొకప్పుడు గ్లాసు దొర్లును. అప్పుడు తుడుచుటకంటె ముందు విద్యుత్తు నాపుట ముఖ్యము. చార్జరు తడిసి యుండనిచో దానిని వెంటనే లాగివేయుడు. తడిసినచో మొదట గోడకున్న స్విచ్చి నాపుడు. యంత్రమునాపు మీటను పది సెకండ్లవరకు ఒత్తి పట్టినచో ల్యాప్‌టాపు ఆరిపోవును. చేసిన పని పోవునేమోయని భద్రపరచుటకై ఆలసింపరాదు. పిదప మూతను వీలైనంత తెరచి, మీటలవైపు క్రిందికి వచ్చునట్లు గుడారమువలె తువ్వాలుపై నిలుపుడు. పైకి కనబడు తడిని గుడ్డతో అద్దుడు, రుద్దరాదు, విదిలింపరాదు. విదిలించినచో నీరు ఇంకను లోపలికి పోవును.

బియ్యపు డబ్బాలో పెట్టినచో తడి పీల్చుకొనునని పెక్కుమంది చెప్పుదురు. అది మేలు చేయకపోగా, బియ్యపు పొడియు నూకలును లోపల చేరును. ఆరినదేమోయని గంటకొకమారు మీట నొక్కి చూచుటయే యన్నిటికంటె ప్రమాదము; తడి యుండగా విద్యుత్తు ప్రవహించినప్పుడే గీతలు తినివేయబడును. ల్యాప్‌టాపునైనచో ఆలసింపక, ఆపినది ఆపినట్లే బాగుచేయువారియొద్దకు పంపుట క్షేమము. ఏమి ఒలికినదో దాచక చెప్పవలెను. నీటికొక చికిత్స, చక్కెర పాలకు మరియొక చికిత్స.

మురికి చేరకుండుటకు

వారమున కొకమారు కుంచెతో ఊడ్చి, నెలకొకమారు తుడిచినచో పెద్దపనియే పడదు. కీబోర్డు ముట్టుటకు ముందు చేతులు కడిగి పొడిగా తుడుచుకొనవలెను. ఫలహారము వేరొకచోట తినుట అలవాటు చేసికొనవలెను. త్రాగుపాత్రను యంత్రమున్న బల్లమీదగాక, ప్రక్కన తక్కువ ఎత్తుగల పీటమీద నుంచినచో, అది దొర్లినను నేలయే తడియును. ఇల్లు చిమ్మునప్పుడును తాలింపు పెట్టునప్పుడును కీబోర్డుపై శుభ్రమైన గుడ్డ కప్పవలెను. రబ్బరు తొడుగు వేసినవారు ల్యాప్‌టాపు మూయునప్పుడు దానిని తీసివేయుట మంచిది. లేనిచో తెరపై ఒత్తిడి పడవచ్చును. ఆయుధపూజనాడు పసుపు కుంకుమలను మీటలపై చల్లక, యంత్రమున్న బల్లకు బొట్టు పెట్టిన చాలును. భక్తికి లోపముండదు.

తుదకొక మాట. నాటి నా పొరపాటు నీటిని గూర్చిన యజ్ఞానము మాత్రమే కాదు. ఆ కీబోర్డును నేను ఇంటిలోని మరియొక సామానుగా చూచితిని. అది నా కోడలి జీవనాధారమని తలపలేదు. నేతగాని మగ్గమును అతని నడుగక ముట్టుకొందుమా? నేడు ఎందరో ఆడపడుచులు ఆ మీటలమీదనే చదువుకొనుచున్నారు, సంపాదించుచున్నారు. వారి పనిముట్టును శుభ్రపరచదలచిన వారు మొదట వారినడుగవలెను.

గడచిన దసరాకు ముందునాడు నా కోడలే యంత్రము నాపి, చార్జరు తీసి, “అత్తయ్యగారూ, ఇప్పుడు రండి” అని కుంచె నా చేతికిచ్చెను. నేను సందులూడ్చితిని, ఆమె మీటలు తుడిచెను. అరగంటలో పని ముగిసినది. పండుగ మరునాడు ఆమె గదినుండి మీటల టకటక చప్పుడు ఎప్పటివలెనే వినవచ్చుచుండగా, నా మనస్సు కుదుటపడెను.